నల్లగొండ, పాలమూరు దుకాణాలకు వెబ్‌సైట్లు: చిన్న వ్యాపారం ఎలా నడపాలి

అమీర్‌పేటలో వెబ్ డిజైన్ కోర్సు చేసి ఊరికి తిరిగొచ్చినవాళ్లు, డీటీపీ సెంటర్ నడుపుతూ పక్కన ఈ పని కూడా పెట్టుకుందామనుకునేవాళ్లు, డిగ్రీ చదువుతూ సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ నేర్చుకున్నవాళ్లు... మీ కోసమే ఇది. సైటు ఎలా కట్టాలో నేర్పే వీడియోలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక దుకాణం మెట్లెక్కి పని మాట్లాడుకోవడం, పైసలు వసూలు చేసుకోవడం, మూడేళ్ల తర్వాత కూడా ఆ సైటు తెరుచుకునేలా చూసుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు వ్యాపారం ఆ చివరి ముక్కలోనే ఉంది. సైటు కట్టి చేతులు దులుపుకుంటే డబ్బు ఒక్కసారే వస్తుంది. దాన్ని చూసుకుంటూ ఉంటే ఏటా వస్తుంది.

మొదట, ఎవరికి చేయాలో తేల్చుకోండి

ప్రతి దుకాణానికీ వెబ్‌సైట్ అవసరం లేదు. సందులో ఉన్న కిరాణాకు, టిఫిన్ సెంటర్‌కు గూగుల్ మ్యాప్‌లో సరైన పేరు, పనిచేసే ఫోన్ నంబరు, నాలుగు మంచి ఫొటోలు ఉంటే చాలు. వాళ్లకు సైటు అంటగడితే రెండో ఏడు డొమైన్ (సైటు పేరు) డబ్బు కట్టరు. బజారులో పాడయ్యేది మీ పేరే.

సైటు నిజంగా అక్కరకొచ్చేది తమ ముఖం తెలియని మనిషి నుంచి గిరాకీ రావాల్సినవాళ్లకు. మిర్యాలగూడలోని రైస్ మిల్లును బయటి రాష్ట్రం వ్యాపారి మొదటిసారి చూసేది ఫోన్‌లోనే. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నేతన్నల చీరలు కొనేవాళ్లు బెంగళూరులో ఉంటారు, అమెరికాలోనూ ఉంటారు. యాదగిరిగుట్టలోనో నాగార్జునసాగర్‌లోనో గది కావలసిన కుటుంబం బస్సెక్కక ముందే వెతుకుతుంది. వీటితోపాటు ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు స్కూళ్లు, ఆస్పత్రులు, షాద్‌నగర్, జడ్చర్ల, చౌటుప్పల్ చుట్టుపక్కల ప్లాట్ల వెంచర్లు.

ఇందులో రెండు రకాలు మాత్రమే పట్టుకోండి. ఒక ఫంక్షన్ హాలు సైటు చేసిన తర్వాత రెండోదానికి ఏం అడగాలో మీకు తెలిసిపోతుంది: ఎంతమంది కూర్చుంటారు, డైనింగ్ హాలు వేరుగా ఉందా, వంటకు బయటి మనుషులను రానిస్తారా, జనరేటర్ డీజిల్ ఎవరిది, పెళ్లికూతురు గదిలో ఏసీ ఉందా, ఎన్ని కార్లు పడతాయి. యజమానికి ఇవన్నీ తెలుసు. రోజూ చూసేవే కాబట్టి చెప్పాలని ఆయనకు తోచదు. మీరు అడిగిన తీరు చూసే ఆయన మీకు పని ఇస్తాడు.

ఎప్పుడు వెళ్లాలో చూసుకోండి

ఫంక్షన్ హాలు యజమాని దగ్గరికి మంచి ముహూర్తాల రోజుల్లో వెళితే నిలబెట్టే మాట్లాడతాడు. ఆషాఢంలో వెళ్లండి. హాలు ఖాళీగా ఉంటుంది, రాబోయే శ్రావణం బుకింగ్‌ల మీద ధ్యాస ఉంటుంది. స్కూలు వాళ్లను జూన్‌లో కలిసి లాభం లేదు. సంక్రాంతి సెలవులు అయిపోగానే కలిస్తే వేసవి అడ్మిషన్ల నాటికి సైటు సిద్ధమవుతుంది. రైస్ మిల్లు వాళ్లు వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు దిగే రోజుల్లో లారీల మధ్యే ఉంటారు. ఆ రెంటికీ నడుమ ఉన్న నెలల్లో కూర్చుని మాట్లాడతారు.

రోజులో కూడా వేళ ఉంది. బోణీ కాకముందు దుకాణంలోకి పోయి డబ్బు సంగతి ఎత్తవద్దు. మధ్యాహ్నం భోజనాల తర్వాత, సాయంత్రం గిరాకీ మొదలయ్యే లోపు మంచి సమయం. ఆస్పత్రిలో అయితే ఓపీ అయిపోయాకే డాక్టరు గారిని కలవండి.

మొదటి మాట గూగుల్ మ్యాప్‌తో మొదలుపెట్టండి

"సైటు ఎందుకు తమ్మీ, ఇన్‌స్టాల పేజీ ఉంది గద?" అని అడుగుతారు. వాదించకండి. ఆయన ఫోన్‌లోనే ఆయన దుకాణం పేరు వెతకమనండి. చాలాసార్లు అక్కడ పాత నంబరు ఉంటుంది, పిన్ పక్క వీధిలో ఉంటుంది, ఎవరో దారిన పోయేవాళ్లు పెట్టిన షట్టర్ ఫొటో ఉంటుంది. "ఈ నంబర్‌కు ఫోన్ చేసినోళ్లంతా ఎటు పోయిన్రు సేటూ?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ముందు అది సరిచేసి ఇవ్వండి. చిన్న ఫీజు తీసుకోండి, ఉచితంగా మాత్రం చేయకండి. ఉచితంగా చేసిన పనికి మన దగ్గర విలువ ఉండదు.

గూగుల్ మ్యాప్‌లో దుకాణం వివరాలు కనిపించే ఆ పేజీని, అంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను, సొంతం చేసుకోవడానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, లోపలి భాగం, మీరు ఆ దుకాణం మనిషే అని తెలిపే ఏదో ఒక ఆధారం ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. షట్టర్ తెరవడం, కౌంటర్ వెనక్కి వెళ్లడం అందుకు బాగా పనికొస్తాయి. వీడియో యజమాని చేతో, ఆయన కొడుకు చేతో తీయించండి. ఇంకొకటి: గతంలో ఆ ప్రొఫైల్‌తోపాటు ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ వచ్చేది. గూగుల్ 2024 మార్చిలో వాటిని మూసేసింది. "నాకు గూగుల్ సైటు ఉండె" అని ఎవరైనా అంటే ఆ సంగతి చెప్పండి. మీకు దొరికే మొదటి పని అదే కావచ్చు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది, దాని మీద ఓపికగా పనిచేయాలి. ప్రొఫైల్ ఏ జీమెయిల్‌తో ఉంది అని అడిగితే యజమానికి తెలియదు. ఆ జీమెయిల్ ఫోన్ కొన్న రోజు మొబైల్ షాపు కుర్రాడు తెరిచి ఉంటాడు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, రికవరీ నంబరు ఎప్పుడో తీసేసిన సిమ్‌ది. ఆయన పక్కన కూర్చుని వ్యాపారం పేరుతో కొత్త జీమెయిల్ తెరవండి. రికవరీకి ఆయన నంబరు, ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి. పాస్‌వర్డ్‌ను ఆయన చేతే కాగితం మీద రాయించి, దుకాణం లైసెన్సు కాగితాలు పెట్టుకునే కవర్‌లో బీరువాలో పెట్టించండి. ప్రొఫైల్, డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే అద్దె చోటు) అన్నీ ఆ జీమెయిల్ మీదే ఉండాలి. మీరు మేనేజర్‌గా చేరండి, ఓనర్‌గా కాదు.

ఈ విషయంలో నాకు రాజీ లేదు. డొమైన్ తమ పేరు మీద కొని, గిరాకీ వదిలిపోకుండా పట్టి ఉంచుకునేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. మిల్లు యజమాని ఫోన్ చేస్తే ఎత్తరు, గడువు దాటిపోతుంది, పదేళ్ల నుంచి లారీల మీద, బస్తాల మీద అచ్చయిన పేరు చేతులు మారుతుంది. ఊళ్లో ఇంకొకరికి ఆ కథ చెప్పగానే మొత్తం మన వృత్తి మీదే నమ్మకం పోతుంది. తర్వాత వచ్చిన మీరు ఎంత బాగా పనిచేసినా ముందు ఆ మచ్చ తుడవాలి.

ధర, బయానా, కాగితం

ధర చెప్పేటప్పుడు మూడు ముక్కలుగా విడగొట్టి చెప్పండి. డొమైన్, హోస్టింగ్ ఖర్చు అసలు బిల్లు ప్రకారం యజమాని కార్డుతోనే కట్టించండి. రెండోది మీ పని కూలి. మూడోది ఏటా చూసుకునే రుసుము. మూడూ కలిపి ఒకే అంకె చెప్పారంటే మరుసటి ఏడు "మళ్లా పైసలెందుకు?" అన్న ప్రశ్న తప్పదు. మొదటి రోజే మూడో ముక్క ఒప్పుకోకపోతే ఆ పని తీసుకోవద్దన్నది నా సలహా.

బేరం ఆడతారు. "జర తగ్గించు తమ్మీ, హైదరాబాదోళ్లు మూడు వేలకే చేస్తమన్నరు" అంటారు. ధర తగ్గించకండి, పని తగ్గించండి. "సరే అన్నా, పది పేజీలు కాదు, మూడు పేజీలు చేస్తా. ఫొటోలు మీరే తీసివ్వండి" అంటే ధరకూ పనికీ ఉన్న లంకె ఆయనకు అర్థమవుతుంది. వ్యాపారస్తుడికి ఇది కొత్త లెక్కేమీ కాదు.

సగం బయానా చేతికి రానిదే పని మొదలుపెట్టొద్దు. ఉదాహరణకు పని 16,000 రూపాయలకు కుదిరితే 8,000 మొదట, మొబైల్‌లో నమూనా చూపించాక 5,000, సైటు జనానికి తెరిచే ముందు మిగతా 3,000. తెరిచిన తర్వాత ఇస్తామన్న డబ్బు ఉద్దెర కిందికే పోతుంది. ప్లాటుకు, హాలుకు బయానా ఇచ్చిపుచ్చుకునే మనుషులే కాబట్టి మీరు అడిగితే ఎవరూ తప్పుపట్టరు. అడగడానికి మీరు మొహమాటపడితేనే ఇబ్బంది.

ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాయండి. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఫొటోలు ఎవరివి, సమాచారం ఎప్పటిలోగా ఇవ్వాలి, డొమైన్ ఎవరి పేరు మీద. ఇద్దరూ సంతకం పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోండి.

పన్నుల సంగతి క్లుప్తంగా. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉంటే మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయడం మాత్రం నేరం. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వనవసరం లేదు. ఆఫీసు కూడా మొదట్లో వద్దు. గిరాకీ దుకాణంలోనే మీ మీటింగ్‌లు జరుగుతాయి.

సమాచారం రాబట్టడమే కష్టం

సైటు ఆలస్యమయ్యేది కోడింగ్ వల్ల కాదు, సమాచారం రాక. "రేపు పంపిస్త" అన్న రేపు నెల దాకా రాదు. అందుకే వాట్సాప్‌లో అడగకండి. నోటు పుస్తకం పట్టుకుపోయి ఒక గంట కూర్చోండి, మాట్లాడించండి, మీరే రాయండి.

చాలామంది ఇలా అంటారు: "ఫ్లెక్సీ కొట్టించిన ఫైల్ ఉంది, అదే పెట్టు." ఆ ఫైల్ తెరవగానే మీకు కనిపించేది అను ఫాంట్లలో టైపు చేసిన మ్యాటర్. దాన్ని కాపీ చేసి సైటులో వేస్తే తెలుగు రాదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి కన్వర్టర్‌తో మార్చాలి. మార్చాక వదిలేయకండి. ఒత్తులు పక్క అక్షరానికి పోతాయి, 'క్ష'లు, 'ర' ఒత్తులు చెడిపోతాయి, అంకెలు, చుక్కలు మారిపోతాయి. ప్రతి వాక్యం పైకి చదివి సరిచూడండి. ఆ ఫ్లెక్సీ బొమ్మనే సైటులో పెట్టేస్తే పని తేలిక అనిపిస్తుంది కానీ, బొమ్మలోని అక్షరాలను గూగుల్ వెతుకులాటలో సరిగా లెక్కలోకి తీసుకోదు, ఫోన్ తెరమీద ఎవరూ చదవలేరు.

తెలుగు అక్షరాలకు ఇంగ్లిషు థీమ్ కొలతలు సరిపోవు. వరుసల మధ్య ఎడం (లైన్ హైట్) అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్ల దాకా పెట్టండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ జోలికి పోవద్దు. బటన్లలో పైనా కిందా కాస్త ఎక్కువ జాగా వదలండి, 'సంప్రదించండి'లో కింది ఒత్తు కోసుకుపోవడం ఎన్నో సైట్లలో చూస్తున్నాం. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి మామూలు మ్యాటర్‌కు, రామభద్ర శీర్షికలకు బాగుంటాయి. అన్నీ ఉచితమే. రెండింటికి మించి వాడకండి, ఫాంటు ఫైళ్లు బరువెక్కుతాయి. వ్యాపారం పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాయండి, జనం రెండు రకాలుగానూ వెతుకుతారు. నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు అయితే కన్నడంలో కూడా రెండు వాక్యాలు, ఆ భాష మాట్లాడే మనిషి నంబరు పెట్టండి. రాయచూరు నుంచి వచ్చే గిరాకీ వాళ్లకు తక్కువేం కాదు.

ఫొటోల దగ్గర చేనేత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చీరను ట్యూబ్‌లైటు కింద తీయకండి, రంగు మారుతుంది, కొన్నవాళ్లు తిప్పి పంపుతారు. పొద్దుటి పూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడకుండా తీయండి. కొంగు, అంచు, ఒళ్లు విడివిడిగా, దగ్గరగా. ఇక్కత్ అయితే చీర వెనకవైపు కూడా ఒక ఫొటో తప్పనిసరి. నూలుకే ముందు చిటికి కట్టి రంగులద్ది, తర్వాత మగ్గం మీద నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. ప్రింటు చీర వెనక వెలవెలబోతుంది. మగ్గం మీద కూర్చున్న మనిషి ఫొటో అందరూ పెడతారు. ఆ వెనకవైపు ఫొటో పెట్టేవాళ్లు అరుదు, తెలిసిన కొనుగోలుదారు చూసేది అదే. జీఐ (భౌగోళిక) గుర్తింపు, హ్యాండ్లూమ్ మార్క్ వాళ్లకు నిజంగా ఉంటేనే ఆ ముద్రలు వేయండి.

కట్టేటప్పుడు ఫోన్‌నే చూడండి

మీ ల్యాప్‌టాప్‌లో ఎంత అందంగా ఉందన్నది అనవసరం. దేవరకొండ బస్సులో కూర్చుని, సిగ్నల్ వచ్చిపోతూ ఉండగా, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచే మనిషికి ఏం కనిపిస్తుందన్నదే లెక్క. పైనే మూడు బటన్లు: ఫోన్, వాట్సాప్, దారి. ఇంకేం లేకపోయినా ఈ మూడూ పనిచేయాలి. ఫోన్ కెమెరా ఫొటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే చాలావరకు 200 కేబీ లోపు వస్తుంది. కదిలే స్లైడర్లు, ఆటోమేటిక్‌గా మోగే పాటలు యజమాని అడిగినా వద్దని నచ్చచెప్పండి. ఆయన ఫోన్‌లోనే, వైఫై ఆపించి, రెండు రకాలూ తెరిచి చూపిస్తే ఆయనే ఒప్పుకుంటాడు.

స్కూలు సైటులో బస్సు ఏయే ఊళ్ల మీదుగా పోతుందో ఊరి పేర్లతో సహా రాయండి. తల్లిదండ్రులు ముందు వెతికేది తమ ఊరి పేరునే. ఆ తర్వాతే ప్రిన్సిపాల్ గారి సందేశం. అడ్మిషన్ ఫారంలో ఆధార్ నంబరు అడగకండి. పేరు, ఊరు, తరగతి, ఫోన్ చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది కాబట్టి టాపర్ల ఫొటోలు, మార్కులు పెట్టే ముందు స్కూలు వాళ్లు తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకున్నారో లేదో అడగండి.

ఏం రాయకూడదో కూడా మీకే తెలియాలి

వెంచర్ వాళ్లు బ్రోచర్ ఇచ్చి "రేపటికల్లా పెట్టు" అంటారు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదు. ప్రకటనలో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా కనిపించాలి. వెబ్‌సైట్ కూడా ప్రకటనే. నంబరు అడగండి, తెలంగాణ రెరా సైటులో మీరే సరిచూడండి, లేఅవుట్ అనుమతి నంబరు కూడా తీసుకోండి. "వస్తది తమ్మీ, ప్రాసెస్‌ల ఉంది" అంటే వచ్చాకే సైటు తెరుస్తానని చెప్పండి. ఆ ప్లాటు కొనేది మీ ఊరి రైతో, గల్ఫ్‌లో కష్టపడి వచ్చిన పక్కింటి మనిషో అయి ఉంటాడు. ఈ ఒక్క మాట మీద పని పోయినా పోనివ్వండి.

వైద్యంలోనూ ఇంతే. షుగర్, పక్షవాతం, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. డాక్టర్ల అర్హతలు, ఓపీ వేళలు, ఉన్న పరికరాలు, ఎమర్జెన్సీ నంబరు రాయండి. రోగి ఇంట్లో వాళ్లు వెతికేవి అవే.

అప్పగించిన తర్వాతే మీ వ్యాపారం మొదలు

ఒక రిజిస్టర్ పెట్టండి, ఎక్సెల్ అయినా సరే. గిరాకీ పేరు, డొమైన్ గడువు, హోస్టింగ్ గడువు, చివరి బ్యాకప్ తేదీ, ఈ ఏటి రుసుము వచ్చిందా లేదా. ప్రతి నెలా ఒకటో తారీకున అది తెరిచి చూడాలి. ఆటో రెన్యువల్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. కార్డు గడువు తీరుతుంది, ఓటీపీ అడుగుతుంది, చెల్లింపు ఆగిపోతుంది, మెయిల్ ఎవరూ చూడరు. డొమైన్‌ను మూడేళ్లకు ఒకేసారి కట్టించడం మేలు. డాట్ కామ్ పేరు గడువు దాటితే కొన్నాళ్లు మామూలు ధరకే దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చే 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) కాలంలో చాలా ఎక్కువ కట్టాలి, అది కూడా దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

వర్డ్‌ప్రెస్ అయితే నెలకోసారి అప్‌డేట్లు, దానికి ముందు బ్యాకప్. ఒక కాపీ హోస్టింగ్ బయట, మీ హార్డ్ డిస్కులో ఉండాలి. టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ చేసిన థీములు, ప్లగిన్లు ముట్టుకోవద్దు. వాటిలో దాచిన కోడ్ వల్ల పిల్లల స్కూలు సైటులో జూదం లింకులు మొలుస్తాయి. అది యజమాని కంటే ముందు తల్లిదండ్రుల కంట పడుతుంది. సైటు పేరును అప్పుడప్పుడు గూగుల్‌లో వెతికి వింత పేజీలేమైనా వస్తున్నాయా చూడండి. సైటు సురక్షితమని బ్రౌజర్‌కు చూపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ దానంతటదే కొత్తదవుతూ ఉండాలి. ఎక్కడైనా ఆగితే సైటు తెరవగానే "సురక్షితం కాదు" అన్న హెచ్చరిక వస్తుంది, టెన్షన్‌తో మొదటి ఫోన్ మీకే.

ఏటా తీసుకునే రుసుములో ఏమేం వస్తాయో రాసి ఇవ్వండి: బ్యాకప్, అప్‌డేట్లు, నెలకు రెండు చిన్న మార్పులు, మూడు నెలలకోసారి స్వయంగా వచ్చి కలవడం. ఆ కలవడం దండగ అనుకోకండి. హాలుకు కొత్త షెడ్డు వేసి ఉంటారు, డాక్టరు గారు ఓపీ వేళలు మార్చి ఉంటారు, మీకు చెప్పాలని ఎవరికీ గుర్తుండదు. వెళ్లినప్పుడే ఫొటో తీసి అక్కడే మార్చేయండి. అప్పుడు ఆ రుసుము ఎందుకో మళ్లీ వివరించే పని ఉండదు. బిల్లు కూడా వాళ్ల చేతిలో డబ్బు ఆడే నెలలో పంపండి: స్కూలుకు జూలైలో, హాలుకు శ్రావణం పెళ్లిళ్లు అయ్యాక, మిల్లుకు సీజన్ ముగిశాక.

ఎవరైనా మిమ్మల్ని వదిలి వేరేవాళ్ల దగ్గరికి వెళతామంటే వారం లోపు అన్నీ అప్పగించండి: తాజా బ్యాకప్, హోస్టింగ్ లాగిన్, డొమైన్ ట్రాన్స్‌ఫర్ కోడ్, ఫొటోల ఒరిజినల్స్. మీ మేనేజర్ యాక్సెస్ మీరే తీసేసుకుని, ముట్టినట్టు వాట్సాప్‌లో ఒక మాట రాయించుకోండి. బాకీ ఉంటే అది వేరే లెక్క, విడిగా అడగండి, దానికోసం సైటు ఆపొద్దు. రిజిస్టర్‌లో ఆ పేరు మాత్రం కొట్టేయకండి. మరుసటి ఏడు గడువు నెల రోజుల్లో ఉందనగా "సేటూ, డొమైన్ తారీకు దగ్గరికొచ్చింది, కొత్తాయనకు చెప్పండి" అని ఒక మెసేజ్ పెట్టండి.